నేర్చుకున్న బేస్ లైన్లు పాఠం అప్పజెప్పినట్టు వినిపిస్తున్నాయి, జీవం తెచ్చేదెలా?

కొత్తతీగ:

సభ్యులందరికీ నమస్కారం. నేను బేస్ గిటార్ పట్టి ఏడాదిన్నర అయింది. ఇప్పటివరకు ట్యాబ్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో అంకెలతో రాసిన పట్టిక) చూసి పన్నెండు బేస్ లైన్లు, అంటే పాట కింద నడిచే మంద్రస్వరాల వరుసలు, నేర్చుకున్నాను. వాటిలో ఒక్క స్వరం తప్పు పోకుండా, తాళం కొట్టే మెట్రోనోమ్‌కు ముందూ వెనుకా కాకుండా వాయించగలను. అయినా నా వాయింపు పాఠం అప్పజెప్పినట్టే ఉంటోంది. అసలు రికార్డింగులో ఆ లైను వింటుంటే కాలు దానంతట అదే తాళం వేస్తుంది. నా చేతిలో అవే స్వరాలు, అదే వేగం, కానీ రెండో నిమిషానికల్లా నాకే విసుగు పుడుతోంది. శబ్దపు హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ పెట్టి చూస్తే ఇంకా చప్పబడింది.

ఉదాహరణ కోసం నేనే కట్టుకున్న ఒక చిన్న లైను రికార్డు చేసి జతపరిచాను. ఏ (A) మైనర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీద రెండు బార్లు, వేగం నిమిషానికి 90 బీట్లు. ఒక్కో బార్‌లో వన్, టూ, త్రీ, ఫోర్ అని నాలుగు బీట్లు, రెండు బీట్ల సరిగ్గా నడుమ పడేది అండ్. మొదటి బార్‌లో వన్ మీద ఇ (E) తీగ ఐదో ఫ్రెట్‌లో (మెడ మీది గడిలో) ఏ (A) స్వరం, టూ తరువాతి అండ్ మీద మళ్ళీ అదే ఏ, త్రీ మీద ఏ తీగ మూడో ఫ్రెట్‌లో సి, ఫోర్ మీద ఐదో ఫ్రెట్‌లో డి వస్తాయి. రెండో బార్‌లో వన్ మీద ఏడో ఫ్రెట్‌లో ఇ, టూ తరువాతి అండ్ మీద డి, త్రీ మీద సి, చివరగా ఫోర్ తరువాతి అండ్ మీద ఇ తీగ మూడో ఫ్రెట్‌లో జి వస్తాయి. దీనిని ఎనిమిది సార్లు తిప్పి వాయించాను. ఇందులో ఏమి లోపించిందో చెప్పగలరా?

మంద్రస్వరం:

కొత్తతీగ గారూ, మీ రికార్డింగ్ 43 సెకన్లూ మూడు సార్లు విన్నాను. స్వరం తప్పలేదు, లయ జారలేదు. మీ స్వరాలు మొదలయ్యే చోటు చక్కగా ఉంది, వాటిని ముగించే చోటును మాత్రం మీరు ఇంకా పట్టించుకోలేదు. ప్రతి స్వరమూ తరువాతి స్వరం వచ్చి తోసేదాకా మోగుతూనే ఉంది.

మీ వేగంలో ఒక బీట్ అంటే సెకనులో మూడింట రెండు వంతులు. వన్ మీద మొదలైన ఏ స్వరం టూ తరువాతి అండ్ దాకా, అంటే సరిగ్గా ఒక సెకను పాటు మోగుతోంది. దానిని టూ మీద, పాటలో మామూలుగా స్నేర్ డ్రమ్ దెబ్బ పడే క్షణాన ఆపి చూడండి. అప్పుడు మూడింట రెండు వంతులు స్వరం, మిగిలిన ఒక వంతు నిశ్శబ్దం అవుతాయి. ఆ ఖాళీలో స్నేర్ అడ్డంకి లేకుండా వినిపిస్తుంది, వినేవారికి తరువాత వచ్చే స్వరం కోసం ఒక ఎదురుచూపు కలుగుతుంది. రెండో ఏ స్వరాన్ని ఇంకా పొట్టిగా, తాకీ తాకనట్టు వదిలేయండి. ఆ పక్కనున్న సి, డి స్వరాలను మాత్రం నడుమ సందు లేకుండా పూర్తిగా సాగదీసి, రెండో బార్‌లోని ఇ స్వరంలోకి దింపండి. ఒక్క స్వరం మార్చకుండానే లైనుకు నడక వస్తుంది.

రెండో సంగతి బలం. మీ ఎనిమిది స్వరాలూ ఒకే బలంతో పడుతున్నాయి. మనం మాట్లాడేటప్పుడు ప్రతి అక్షరాన్నీ ఒకే గట్టిదనంతో పలికితే ఎదుటివారికి అర్థమవుతుంది గానీ వినబుద్ధి కాదు. ఒక కాగితం మీద లైను రాసుకుని, ఒక్కో స్వరం కింద ఒకటి నుంచి నాలుగు వరకు బలాన్ని అంకెతో వేసుకోండి. మొదటి ఏ స్వరానికి నాలుగు, రెండో దానికి ఒకటి, సి స్వరానికి రెండు, డి స్వరానికి మూడు, ఇ స్వరానికి నాలుగు, ఇలా వేసి వాయించండి. తరువాత ఆ అంకెలన్నీ తారుమారు చేసి అదే లైనును మళ్ళీ వాయించండి. అవే స్వరాలు ఇంకో లైనులా వినిపించినప్పుడు, ఇన్నాళ్ళూ ఏ తలుపు తీయకుండా వదిలేశామో మీకే తెలుస్తుంది. కంప్రెసర్ ఈ హెచ్చుతగ్గులనే అణచివేస్తుంది కనుక కొంతకాలం దానిని పక్కన పెట్టండి.

రూట్‌దాటి:

మంద్రస్వరం గారి మాటలో తప్పు లేదు, అయితే అది సగం మందు అని నా అభిప్రాయం. కొత్తతీగ గారు ట్యాబ్ చూసి నేర్చుకున్నామని అన్నారు. ట్యాబ్ వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది, ఆ స్వరం అక్కడ ఎందుకు ఉందో చెప్పదు. తన లైనులో సి స్వరం ఆ కార్డ్‌కు మూడవ స్వరమనీ, ఏ మైనర్‌ను మైనర్‌గా వినిపింపజేసేది అదేననీ, డి స్వరం సి నుంచి ఇ దాకా నడిచే దారిలో ఒక మెట్టు మాత్రమేననీ తెలిసిన మనిషి, ఆ మూడింటినీ ఒకే తీరుగా వాయించలేడు. ఏది బరువైన మాటో తెలిసిన తరువాత బలం తనంతట తానే కుదురుతుంది, కాగితం మీద అంకెలు వేసుకోనక్కరలేదు.

పైగా ఎనిమిది సార్లు ఒక్క అక్షరం తేడా లేకుండా తిప్పితే, ఎంత చక్కగా ఆపినా, ఎంత చక్కగా నొక్కినా విసుగు రాక మానదు. చివరనున్న జి స్వరాన్నే చూడండి. దానికి బదులు ఇ తీగ నాలుగో ఫ్రెట్‌లోని జి షార్ప్ వాయిస్తే, అక్కడ నుంచి ఏ స్వరానికి అర్ధస్వరం దూరమే ఉంటుంది కాబట్టి చెవి ఆ ఏ కోసం గట్టిగా తహతహలాడుతుంది. ప్రతి సారీ అలా చేస్తే ఆ రుచి పోతుంది. నాలుగో తిప్పులో ఒకసారి, ఎనిమిదో తిప్పులో ఒకసారి చేయండి. ఇంకొక తిప్పులో రెండో ఏ స్వరాన్ని ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి, డి తీగ ఏడో ఫ్రెట్‌కు ఎత్తి చూడండి.

స్నేర్‌వెనక:

నేను పదేళ్ళు డ్రమ్స్ వాయించి తరువాత బేస్‌కు వచ్చాను, అందుకని నా మాట ఎప్పుడూ కొంచెం ఆ వైపుకే మొగ్గుతుంది.

రూట్‌దాటి గారు చెప్పిన మార్పులు ఒంటరిగా గదిలో వాయించేటప్పుడు ఎంతో బాగుంటాయి. బృందంలో వాయించేటప్పుడు వాటిని చాలా పొదుపుగా వాడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. బేస్ మొదలుపెట్టిన రెండో ఏట నేను ఒక కార్యక్రమంలో ప్రతి రెండో బార్ చివరా ఒక ఫిల్ (ఖాళీని నింపే చిన్న స్వరాల గుత్తి) వేశాను. ఆ రాత్రి రికార్డింగ్ వింటే, నా ఫిల్ వచ్చిన ప్రతి చోటా గాయని పాట పంక్తి మొదలుపెడుతూ ఉంది, ఆమె తొలి మాట నా స్వరాల కింద నలిగిపోయింది. అది విన్నాక నాకు చాలా బాధ కలిగింది. అప్పటి నుంచి పాట పంక్తులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో మొదట గుర్తించుకుని, ఆ ముగింపుల తరువాతి ఖాళీలోనే కదులుతున్నాను.

ఇక ఎవరూ ఎత్తని ఇంకొక సంగతి ఉంది. ఇ తీగను ఏమీ నొక్కకుండా మీటితే దాని స్వరం సెకనుకు 41 కంపనాల దగ్గర ఉంటుంది, అంటే ఒక్క కంపనం పూర్తి కావడానికే ఇంచుమించు 24 మిల్లీసెకన్లు పడుతుంది. మీ ఐదో ఫ్రెట్ ఏ స్వరానికి 55 కంపనాలు, ఒక్కోదానికి 18 మిల్లీసెకన్లు. ఇంత నెమ్మదైన స్వరం ఎప్పుడు మొదలైందో చెవి తేల్చుకోవడానికి వేలు తీగను వదిలేటప్పటి ఆ చిన్న టక్కు శబ్దమే ఆధారం. ఆ టక్కు, కాలితో కొట్టే కిక్ డ్రమ్ దెబ్బతో సరిగ్గా కలిస్తే రెండు వాయిద్యాలూ ఒక్కటై, కిక్ డ్రమ్‌కే స్వరం పుట్టినట్టు ఉంటుంది. దానిని ఒక వెంట్రుకవాసి వెనక్కి పెడితే లైను తీరికగా, బరువుగా కూర్చుంటుంది. వెంట్రుకవాసి ముందుకు పెడితే ఆత్రంగా పరుగెత్తుతుంది. ఈ మూడింటినీ కావాలనుకున్నప్పుడు చేయగలగడం ఒక విద్య. వద్దనుకున్నా మారిపోతూ ఉంటే మాత్రం అది లయదోషమే.

మెట్రోనోమ్‌ను 90కి బదులు 45కి పెట్టి, ఆ దెబ్బలను టూ, ఫోర్ అనుకుంటూ వాయించండి. మొదటి రోజు వన్ ఎక్కడుందో వెదుక్కోవలసి వస్తుంది. నాలుగైదు రోజులకు ఆ దెబ్బ మీకు స్నేర్‌లా వినిపించడం మొదలవుతుంది. ఇన్నాళ్ళూ నాలుగు దెబ్బలనూ మెట్రోనోమే మోసింది, ఇప్పుడు వాటిలో సగం మీ మీద పడుతుంది.

కొత్తతీగ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రంతా మంద్రస్వరం గారు చెప్పినట్టు మొదటి స్వరాన్ని టూ మీద ఆపడమే సాధన చేశాను. తేడా వెంటనే వినిపించింది, నిజంగా ఆశ్చర్యపోయాను. అయితే ఒక చిక్కు వచ్చింది. ఆపడానికి వేలు ఎత్తితే ఇ తీగ ఖాళీగా బుయ్‌మని మోగుతోంది. పూర్తిగా ఎత్తకుండా వదులు చేస్తే సన్నగా గంట కొట్టినట్టు ఒక శబ్దం వస్తోంది. ఏడో ఫ్రెట్‌లోని ఇ స్వరానికీ ఇదే తంతు, మూడో ఫ్రెట్‌లోని సి స్వరానికి మాత్రం అంతగా లేదు. నా గిటార్‌లో ఏమైనా దోషమా?

మంద్రస్వరం:

మీ గిటార్‌లో దోషం లేదు. మీరు తెలియకుండానే హార్మోనిక్ వాయిస్తున్నారు.

తీగ పొడవును సమభాగాలు చేసే బిందువుల దగ్గర తేలికగా తాకితే గంటలాంటి స్వరం వస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ రెండు సగాలు, ఏడో ఫ్రెట్ దగ్గర మూడింట ఒక వంతు, ఐదో ఫ్రెట్ దగ్గర నాలుగింట ఒక వంతు. మీరు ఐదో ఫ్రెట్‌లో స్వరం నొక్కి వేలు వదులు చేసినప్పుడు ఆ వేలు సరిగ్గా అలాంటి బిందువు పక్కనే తీగను తాకుతూ ఉండిపోతుంది, తీగ ఆగిపోకుండా గంటలా మోగుతుంది. మూడో ఫ్రెట్ దగ్గర అంత బలమైన బిందువు లేదు కనుక అక్కడ మీకు ఇబ్బంది రాలేదు.

పరిష్కారం ఎడమచేతి మిగిలిన వేళ్ళలో ఉంది. చూపుడువేలితో ఐదో ఫ్రెట్ నొక్కినప్పుడు నడిమి వేలు, ఉంగరపు వేలు గాలిలో నిలబడి ఉండకూడదు. చూపుడువేలి పట్టు వదులు చేసే క్షణాననే ఆ రెండు వేళ్ళూ తీగ మీద పడుకోవాలి. రెండు మూడు చోట్ల ఒకేసారి తాకిన తీగకు మోగడానికి చోటు ఉండదు. ఉంగరపు వేలితో ఏడో ఫ్రెట్ నొక్కినప్పుడు దాని వెనకనున్న రెండు వేళ్ళూ ముందే తీగ మీద ఆనుకుని ఉంటాయి. పట్టు వదిలేటప్పుడు ఉంగరపు వేలిని కూడా ఎత్తకుండా ఆ రెండింటితో పాటు తీగ మీదే ఉంచండి, అంతే చాలు.

ఈ ఒడుపు వచ్చిందంటే ఘోస్ట్ నోట్ కూడా వచ్చినట్టే. వేళ్ళు అలాగే తీగ మీద పరిచి కుడిచేత్తో మీటితే స్వరస్థానం తెలియని ఒక ధక్ మనే శబ్దం వస్తుంది. మీ లైనులో ఫోర్ తరువాతి అండ్ ఖాళీగా ఉన్న మొదటి బార్‌లో, డి స్వరాన్ని సగానికి కుదించి, అక్కడ ఒకే ఒక్క ఘోస్ట్ నోట్ పెట్టి, దాని నుంచి ఇ స్వరంలోకి దిగి చూడండి. టవర్ ఆఫ్ పవర్ అనే అమెరికా ఫంక్ బృందంలో రోకో ప్రెస్టియా బేస్ మీద వాయించిన పదహారో వంతు స్వరాల ధార అంత బిగువుగా ఉండడానికి ఆయన ఎడమచేతి వేళ్ళు తీగలను నిరంతరం అణచిపెట్టి ఉంచడమే కారణం.

పాతతీగలు:

చర్చ బాగా సాగుతోంది. నేను కుడిచేతి గురించి కొంచెం చెబుతాను.

కొత్తతీగ గారి రికార్డింగ్‌లో అన్ని స్వరాలూ బ్రిడ్జ్ (తీగలు బిగించిన చివర) పికప్‌కూ నెక్ (మెడ) వైపు పికప్‌కూ మధ్య ఒకే చోట మీటినట్టు తెలుస్తోంది, పికప్ అంటే తీగ కంపనాన్ని పట్టే భాగం. తీగను బ్రిడ్జ్ దగ్గర మీటితే పై అనుస్వరాలు (మూలస్వరంతో పాటు మోగే సన్నని స్వరాలు) బలంగా పలికి స్వరం గట్టిగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. నెక్ వైపు జరిగే కొద్దీ అవి తగ్గి గుండ్రటి, మెత్తటి స్వరం వస్తుంది. చేతిని నాలుగు వేళ్ళ వెడల్పు జరిపితే చాలు, ఆంప్లిఫయర్ మీద మీట తిప్పినంత తేడా ఉంటుంది. పాట మొదటి చరణానికి నెక్ దగ్గర, పల్లవికి వచ్చేసరికి బ్రిడ్జ్ వైపు, ఇలా ఒకే లైనును రెండు గొంతులతో పలికించవచ్చు. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని బేస్ మీద బ్రిడ్జ్ పికప్ దగ్గర మీటి సాధించిన ఆ పాడుతున్నట్టుండే స్వరం ఎందరినో ఈ వాయిద్యం వైపు తిప్పింది, నన్నూ తిప్పింది.

ఒకే స్వరం వేరు వేరు తీగల మీద దొరుకుతుందని మీకు తెలిసే ఉంటుంది. జి తీగను ఏమీ నొక్కకుండా మీటినా, డి తీగ ఐదో ఫ్రెట్‌లో, ఏ తీగ పదో ఫ్రెట్‌లో, ఇ తీగ పదిహేనో ఫ్రెట్‌లో నొక్కినా ఒకే జి స్వరం, అదే 98 కంపనాలు. అయినా మొదటిది గణగణలాడుతుంది, చివరిది లావు తీగ మీద మందంగా, కండపట్టి ఉంటుంది. ట్యాబ్ ఒక చోటే రాస్తుంది కనుక నేర్చుకునేవారు మిగిలిన మూడు చోట్లనూ అసలు వెదకరు.

ఇందుకు ఖరీదైన పరికరాలు ఏవీ అక్కరలేదు. అమెరికా సోల్ సంగీత సంస్థ మోటౌన్ రికార్డింగుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు చదునైన చుట్టు గలవి, వాటిని మార్చడమే అరుదు. బ్రిడ్జ్ మూత కింద స్పాంజి ముక్క ఉండడం వల్ల స్వరం తొందరగా చల్లారిపోయేది. ఒక్క వేలితో, పాతబడిన తీగలతో, స్పాంజి ముక్కతో వాయించిన ఆ లైన్లను 1960ల నుంచి ఈ రోజు దాకా బేస్ వాయించేవారు కూర్చుని నేర్చుకుంటూనే ఉన్నారు. ఆయన వాయింపును ఒక్కో స్వరం ఎంతసేపు ఉందో గమనిస్తూ వినండి. మంద్రస్వరం గారు చెప్పినదీ, రూట్‌దాటి గారు చెప్పినదీ ఒకే చేతిలో కలిసి కనిపిస్తాయి.

రూట్‌దాటి:

పాతతీగలు గారు జేమర్సన్ పేరు ఎత్తారు కనుక నా పక్షం ఇంకొంచెం వినిపిస్తాను. ఆయన ఒకే లైనును పాట మొత్తం అచ్చు గుద్దినట్టు తిప్పడం తక్కువ. ప్రతి తిప్పులోనూ ఏదో ఒక చిన్న మలుపు ఉంటుంది. ఆ మలుపులు కార్డ్ తెలిసినవాడికే పుడతాయి.

అయితే స్నేర్‌వెనక గారి అనుభవం చదివాక నేను ఒక మాట సవరించుకుంటున్నాను. మార్పు ఎక్కడ చేయాలో తెలియకముందే మార్పులు నేర్పితే బృందానికి చేటు. కనుక కొత్తతీగ గారికి నా సలహా ఇది. మొదట లైనును వాయించకుండా పాడండి. గొంతు బాగుండాలనేమీ లేదు, శృతి దరిదాపుల్లో ఉంటే చాలు. పాడేటప్పుడు మీరు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో, ఏ స్వరాన్ని సాగదీస్తున్నారో, ఏ స్వరంలోకి జారుతున్నారో గమనించి, ఆ తరువాత చేతితో దానినే అనుకరించండి. సి నుంచి డి కి పాడేటప్పుడు గొంతు దానంతట అదే జారితే, వాయించేటప్పుడు అక్కడ స్లైడ్ వేయండి. జారకపోతే వేయకండి.

కొత్తతీగ:

రెండు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. పాత రికార్డింగ్ పక్కనే కొత్తది జతపరిచాను.

మొదటి వారం స్వరాలను ఆపడం తప్ప ఇంకేమీ చేయలేదు. వేళ్ళు తీగ మీద పడుకోబెట్టే అలవాటు నాలుగో రోజుకు వచ్చింది, గంట శబ్దం పోయింది. మెట్రోనోమ్ 45 మీద పెట్టినప్పుడు మాత్రం మొదటి మూడు రోజులు చాలా కష్టపడ్డాను. వన్ తప్పిపోయి, దెబ్బలు వన్, త్రీ మీద పడుతున్నట్టు వినిపించి, ఎన్నోసార్లు ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. లైనును పాడి చూసినప్పుడు ఒక విషయం తెలిసింది. నేను పాడేటప్పుడు రెండో బార్‌లోని ఇ స్వరం తరువాత ప్రతిసారీ ఊపిరి తీసుకుంటున్నాను, వాయించేటప్పుడు అక్కడ ఎన్నడూ ఖాళీ ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను. జి షార్ప్‌ను ఎనిమిదో తిప్పులో ఒక్కసారే వాడాను.

ఒక్క సందేహం మిగిలింది. హెడ్‌ఫోన్లలో ఇవన్నీ చక్కగా తెలుస్తున్నాయి. ఫోన్ స్పీకర్‌లో వింటే మాత్రం మొదటి రికార్డింగ్‌కూ రెండో దానికీ తేడా బాగా తగ్గిపోతోంది, ముఖ్యంగా నెక్ దగ్గర మీటిన స్వరాలు దాదాపు మాయమవుతున్నాయి.

పాతతీగలు:

కొత్త రికార్డింగ్ విన్నాను. ఇ స్వరం తరువాతి ఆ ఖాళీ దగ్గర నాకు తెలియకుండానే తల ఊగింది.

మీ సందేహానికి వస్తే, 55 కంపనాల స్వరాన్ని ఫోన్‌లోని చిన్న స్పీకర్ వినిపించలేదు. అక్కడ మనం వినేది ఆ స్వరం పైనున్న 110, 165, 220 కంపనాల అనుస్వరాలను. వాటిని బట్టి లేని మూలస్వరాన్ని కూడా మన చెవి ఊహించుకుంటుంది. నెక్ దగ్గర మెత్తగా మీటినప్పుడు ఆ అనుస్వరాలే తగ్గుతాయి కనుక చెవికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. గిటార్ మీద టోన్ మీటను పూర్తిగా మూసి ఉంచితే కొంచెం తెరవండి. మెత్తటి స్వరం కావలసిన చోట కూడా వేలి చివరతో కాస్త స్పష్టంగా వదలండి, ఆ టక్కు శబ్దం నిలుస్తుంది. వచ్చే రికార్డింగ్‌లో చేతిని నెక్ పికప్ మీద నుంచి రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే బ్రిడ్జ్ వైపు జరిపి, ఫోన్‌లో విని చెప్పండి.

స్నేర్‌వెనక:

కొత్త రికార్డింగ్‌కు తోడుగా కిక్, స్నేర్, హై-హ్యాట్ మాత్రమే ఉన్న 90 వేగపు డ్రమ్ ట్రాక్ ఒకటి వాయించి జతపరుస్తున్నాను. కిక్‌ను మీ స్వరాలు పడే వన్ మీదా, టూ తరువాతి అండ్ మీదా పెట్టాను. ఏడో తిప్పులో కావాలనే కిక్ మానేశాను, అక్కడ వన్ మీది ఏ (A) స్వరాన్ని పొట్టిగా ఆపకుండా పూర్తి సెకను మోగనిచ్చి చూడండి.